మూట ఒప్పుకోని నారదుడు

నేను ఒక వ్యాయామ సైకిల్‌ని. ఇంట్లో ఓ మూల నిలబెట్టి తొక్కే రకం. ఎంత తొక్కినా గుమ్మం దాటని సైకిలేమిటని నవ్వుతారు కదూ? నవ్వుకోండి, నాకేం! గుమ్మం దాటే సైకిళ్ళు ఏం సాధించాయో నాకు తెలీదు గానీ, నేను మాత్రం ఒక నారదుణ్ణి ఆకాశానికి లేపాను. నమ్మకపోతే మానెయ్యండి. కాకపోతే చివరిదాకా విని మరీ మానెయ్యండి.

పుట్టింది ఎక్కడో పంజాబులో, ఒక కార్ఖానాలో. గొట్టాలు అతికి, సీటు బిగించి, ముందువైపు బరువైన ఇనుప చక్రం ఒకటి అమర్చారు. నా ప్రాణమంతా ఆ చక్రంలోనే ఉంది. మిగతా ఒళ్ళంతా దాన్ని పట్టుకుని నిలబడటానికే. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి.

అక్కణ్ణుంచి లారీలో గుంటూరు వచ్చి, వ్యాయామ సామాను అమ్మే దుకాణంలో నిలబడ్డాను. నన్ను మొదట కొన్నాయన మధుమూర్తి గారు, కాలేజీలో ఎకనామిక్స్ లెక్చరరు. డాక్టరు ‘కాస్త బరువు తగ్గండి’ అన్నాడట. ఆ కాస్త కోసం భార్య ఇందుమతి గారిని వెంటబెట్టుకుని వచ్చి దుకాణమంతా కలియదిరిగారు. ట్రెడ్‌మిల్ ఎక్కి నాలుగడుగులు వేసి, “ఇదేమిటే, వెనకనించి ఎవరో తరుముతున్నట్టుంది!” అని దిగిపోయారు. నడుముకి తగిలించుకుంటే గడగడా వణికించే పట్టీ ఒకటి ఆయన్ని తెగ ముచ్చటపెట్టింది గానీ, ఇందుమతి గారు ఒక్క చూపు చూసేసరికి చెయ్యి వెనక్కి లాగేసుకున్నారు. చివరికి నా మీద ఎక్కి కూర్చుని, పేపరు పట్టుకున్నట్టు రెండు చేతులూ ముందుకి చాచి, “ఇదీ మనకి కావాల్సింది. తొక్కుతూ చదువుకోవచ్చు” అన్నారు. ఒళ్ళు వంచాలని బయల్దేరిన మనుషులు ఒళ్ళు వంచక్కర్లేని సామాను కోసం ఎంత ఓపిగ్గా వెతుకుతారో అప్పుడే చూశాను.

కొన్నాళ్ళు తొక్కుతూ చదివారు. ఆ తర్వాత తొక్కడం పోయి చదవడం మిగిలింది. ఆ తర్వాత పేపరు సోఫాలోకి వెళ్ళిపోయింది, నా మీదకి తువ్వాలు వచ్చింది. తువ్వాలు వెనకే బనీన్లు, బనీన్ల వెనకే దుప్పట్లు. వానాకాలమంతా ఆ ఇంటి తడి నా మీదే ఆరింది. నేను దండేన్ని కాదండీ, నా మీద కాలు పెట్టి చూడండి అని అరవాలనిపించేది. ఎవరు వింటారు? దసరాకి పాతది తీసుకుని కొత్తది ఇచ్చే బేరంలో నన్ను ఇచ్చేసి ట్రెడ్‌మిల్ తెచ్చుకున్నారు. దాని మీద ఇప్పుడు ఏం ఆరుతోందో నన్నడక్కండి.

అలా మళ్ళీ దుకాణానికే వచ్చి, వెనక గదిలో దుమ్ము కొట్టుకుంటూ పడున్న రోజుల్లో వచ్చింది అనసూయాబాయి.

ఆవిడ ఊరూరా డేరాలు వేసుకుని పౌరాణిక నాటకాలాడే భ్రమరాంబికా నాట్యమండలి మనిషి. యాభై దాటాయి. మంచి ఒడ్డూ పొడుగూ, గది నిండే గొంతు. వెంట అన్నగారి కూతురు మాధురి ఉంది. దుకాణదారు మర్యాదకి ట్రెడ్‌మిల్ చూపించాడు.

“డేరాలో కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో ఆ భ్రమరాంబకే తెలియాలి. వద్దు నాయనా” అంది అనసూయాబాయి. తాడాట తాడు చూపిస్తే మోకాళ్ళు తడుముకుని నవ్వింది. వణికించే పట్టీ చూసి, “ఇది కట్టుకుంటే పద్యం కూడా వణుకుద్ది” అంది. అంతలో తలుపు సందులోంచి నేను కనపడ్డాను. చీర కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుని, దుమ్మయినా తుడవకుండా ఎక్కేసింది. తొక్కుతూ గొంతెత్తి ఒక ఆలాపన అందుకుంది చూడండీ, దుకాణంలో ఉన్నవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. ఊపిరి తెగకుండా రాగం చివరిదాకా నిలిపి, అప్పుడు దిగింది.

“ఇదే కావాలి. దీని మీద పాడుకోవచ్చు” అంది.

మధుమూర్తి గారు చదువుకోవచ్చన్నారు, ఈవిడ పాడుకోవచ్చంది. తేడా ఏముందిలే, నాలుగు రోజులు పోతే ఈవిడా చీరలు ఆరేస్తుంది అనుకున్నాను. మనుషుల మీద నాకు అప్పటికి నమ్మకం పోయింది మరి.

తెనాలిలో వేసిన డేరాకి చేరాక అసలు సంగతి తెలిసింది. ఆ మండలిలో నారదుడు నడిచి రాడు, మబ్బుల్లోంచి దిగుతాడు. నడుముకి తోలు పట్టీ, పట్టీకి సన్నటి ఉక్కు తీగ, ఆ తీగ పైన కప్పీ మీదుగా తెర వెనక్కి వెళ్ళి ఒక ఇసక మూటకి కడతారు. మూట కిందికి దిగితే నారదుడు పైకి లేస్తాడు, నారదుడు దిగితే మూట లేస్తుంది. ఆ మూట తాడు పట్టేది అనసూయాబాయి భర్త సాంబశివ. పెళ్ళయిన నాటినించీ పెళ్ళాన్ని ఆకాశానికి ఎత్తుతూ దించుతూ ఉన్నవాడు ఈ లోకంలో ఆయనొక్కడే.

ఆ మూటని అనసూయాబాయి తాత కట్టాడట, నారద వేషం మొట్టమొదట కట్టిన తన భార్య తూకానికి సరిగ్గా. అప్పట్నించి దాని ముడి విప్పినవాళ్ళు లేరు. నాటకానికి ముందు పసుపు రాసి, బొట్టు పెట్టి దండం పెడతారు. కొత్త ఊళ్ళో నాటకాలు మొదలుపెట్టే ప్రతిసారీ మొదటి రోజున కొబ్బరికాయ కొట్టి, తీగకి ఒకవైపు మూట, ఒకవైపు మనిషిని కడతారు. తాడు మీద ఎవరి చెయ్యీ ఉండదు. మూట దిగి మనిషి కాళ్ళు లేస్తే ‘మూట ఒప్పుకుంది’ అంటారు. నారద వేషం ఆ మనిషిది. లేవకపోతే ఇంకొకరిది.

కిందటి ఊళ్ళో మూట ఏదో ఈడ్చుకుంటూ ఒప్పుకుంది. కానీ ఒక రోజు నాటకంలో నారదుడు మబ్బుల్లోంచి దబ్బున దిగాడు. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వరస వెంబడి వరస పాకి డేరా చివరిదాకా వెళ్ళింది. ముప్ఫయ్యేళ్ళుగా తన పద్యానికి చప్పట్లు కొట్టిన చేతులే నోళ్ళకి అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే ఆవిడ ఆ పద్యం చివరిదాకా పాడింది. లోపలికొచ్చి జటాజూటం తీసి పక్కన పెట్టి ఏడ్చిందట.

మండలికి పెద్ద కేశవరావు. ఆవిడ సొంత అన్న, మాధురి తండ్రి. చెడ్డవాడేం కాదు. “చెల్లీ, తెనాలిలో మూట ఒప్పుకోకపోతే ఈసారి మాధురి కడద్ది. మూట మాట నేను తియ్యలేను” అన్నాడు.

అందుకన్నమాట నేను!

నాటకాలు మొదలవడానికి ఇంకా కొన్ని వారాలుంది. ఇక తొక్కింది చూడండి. కోడి కూసేసరికి నా మీద ఉండేది. తొక్కుతూ ఒక పద్యం, దాని వెనకే మరో పద్యం. పక్క డేరాలో పడుకున్న భీముడు, ఘటోత్కచుడు దుప్పటి ముసుగులోంచి తిట్టుకునేవారు. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. పుట్టి ఇన్నాళ్ళకి నా చక్రం నిజంగా తిరిగింది! ఒకరోజు ఎవరో తడిసిన పంచె నా మీద వేశారు. ఆవిడ ఎక్కణ్ణించి చూసిందో, పరుగున వచ్చి దాన్ని లాగి పారేసింది.

“ఇది బట్టలారేసుకునేది కాదు! ఇంకోసారి దీని మీద గుడ్డ వేశారో, ఊరుకోను!”

ఆ మాట కోసం నేను ఎన్నాళ్ళు ఎదురుచూశానని! ఆవిడ కోసం అరిగి అరిగి ఇనుపపొట్టు అయిపోయినా సరే అనుకున్నాను.

ఆవిడ అన్నం తగ్గించింది. బుగ్గలు కాస్త లోపలికి పోయాయి, జాకెట్టు వదులయింది. ఊపిరి మాత్రం అంతకంతకూ నిలిచింది. “అత్తయ్యా, నీ ఆలాపన ఇంతకుముందు ఇంత పొడుగు లేదు” అంది మాధురి. ఆ పిల్లకి నారద వేషం మీద ఆశ లేదు. పద్యం ఎత్తితే సగంలో గొంతు జారిపోతుంది. రోజూ తడికె చాటున నిలబడి, మూట ఒప్పుకోవాలని మొక్కుకునేది.

నాటకాల మొదటి రోజు రానే వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు. మూటకి బొట్టు పెట్టారు. అనసూయాబాయి నడుముకి పట్టీ బిగించి, సాంబశివ పక్కకి తప్పుకున్నాడు.

ఆవిడ మడమలు లేచాయి. కాలివేళ్ళు మాత్రం నేల వదల్లేదు.

అందరూ చూస్తున్నారు. మూట గాలిలో అలాగే వేలాడుతోంది. ఇంకొక్క పిసరు, అంతే. ఆ పిసరు దగ్గర ఆగిపోయింది. నాకు పిచ్చెక్కిపోయింది. ఎంత తిరిగాను! ఇంత తిరిగీ ఈ పిసరు తగ్గించలేకపోయానా?

“మూట ఒప్పుకోలేదు చెల్లీ” అన్నాడు కేశవరావు మెల్లిగా. మాధురి భోరుమంది.

అప్పుడు నోరు విప్పాడు సాంబశివ. ఆయన నోరు విప్పడం నేను అంతకుముందు చూడలేదు.

“బావా, నేను తాడు పట్టిన నాటినించీ దీని బరువు నా చేతులకి తెలుసు. నేనెప్పుడన్నా బరువన్నానా?”

“నువ్వు అనవు బావా. మూట అంటోంది.”

“మూట అనేదేంటి!” అంది అనసూయాబాయి. పట్టీ విప్పుకోలేదు. మునివేళ్ళ మీద అలాగే నిలబడి అంది. “అది మన నాయనమ్మ పడుచుగా ఉన్నప్పుడు ఆవిడ తూకానికి కట్టిన మూట. ఆవిడ నలుగురు బిడ్డల్ని కని కూడా ఆ మూట కోసం ఒంటిపూట తింది. మన అమ్మా అంతే. నేనూ ఇదిగో, మెతుకులు లెక్కపెట్టుకుని తింటన్నా. ఇసక పెరగదు అన్నయ్యా, మనిషి పెరుగుద్ది! నారదుడు సన్నగా ఉంటాడని ఏ పురాణంలో రాసుంది? చెప్పు!”

కేశవరావు మూట ముడి తడిమాడు. “తాత కట్టిన ముడి విప్పకూడదు కదా…”

“విప్పమన్నానా? విప్పొద్దు. దాని పక్కన ఇంకోటి కట్టకూడదని తాత చెప్పాడా?”

ఇన్నేళ్ళలో ఈ ముక్క ఎవరికీ తట్టలేదు! మూటకి మనిషిని సరిచెయ్యడమే తప్ప మనిషికి మూటని సరిచెయ్యొచ్చని తాతలూ తలచలేదు, మనవలూ తలచలేదు. కేశవరావు మూట వైపు చూశాడు, చెల్లెలి కాళ్ళ వైపు చూశాడు. “చెప్పలేదు” అన్నాడు.

ఆవిడ చుట్టూ కలియజూసింది. ఆ చూపు నా మీద ఆగింది.

“ఏమయ్యా, ఆ సైకిల్ చక్రం ఊడదియ్యి.”

సాంబశివ స్పానరు పట్టుకుని వస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళు తొక్కించుకుని చివరికి నన్నే పీకేస్తారా? విశ్వాసం లేని జాతి! ఒక్కొక్క నట్టూ ఊడుతుంటే తిట్టుకుంటూనే ఉన్నాను. కానీ ఆవిడ పట్టీతోనే నా దగ్గరికి వచ్చి, కుంకుమ వేలితో తీసి నా చక్రానికి అద్ది, “నువ్వే కదా నాకు ఊపిరి నేర్పింది” అంది. తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను.

చక్రం నడుమ కన్నంలోంచి తాడు దూర్చి, మూట పక్కన కట్టారు. అందరూ వెనక్కి జరిగారు. మూటా నేనూ మెల్లిగా దిగాం. అనసూయాబాయి కాలివేళ్ళు నేలని వదిలేశాయి. అలా లేచి, లేచి, బొమ్మ మబ్బుల దాకా పోయింది. పైనించి ఏడుస్తూ నవ్వుతూ పద్యం అందుకుంది. మాధురి కింద నిలబడి ఎగిరి గంతేసింది.

నా గొట్టాలూ సీటూ పాత ఇనుము బండి మీద వెళ్ళిపోయాయి. పోనీండి, నాకు బెంగ లేదు. నేనున్నది చక్రంలో. ఆవిడ ఇప్పుడు తెల్లారి డేరాల చుట్టూ నడుస్తుంది, కడుపునిండా తింటుంది. సాయంత్రం నాటకంలో ఆవిడ దిగితే నేను లేస్తాను, ఆవిడ లేస్తే నేను దిగుతాను. తెర నడుమ ఉంటుంది గనక జనం నన్ను చూడరు.

మొన్న ఒక సాయంత్రం ముందు వరసలోంచి తెలిసిన గొంతు వినపడింది. మధుమూర్తి గారు!

“ఏమే, అంత లావు నారదుడు పువ్వులా లేచిపోయాడే! ఎలాగంటావు?”

“ఆవిడ రోజూ వ్యాయామం చేస్తుందేమోనండీ” అన్నారు ఇందుమతి గారు. “మీలాగ కాదు.”

తెర వెనక వేలాడుతూ నేనూ విన్నాను. గంట మోగింది. సాంబశివ తాడు లాగాడు. చప్పట్ల మధ్య ఆవిడ కిందికి దిగింది, నేను పైకి లేచాను.