అడుగు నీళ్లు

నేను ఒక నీళ్ల ట్యాంకర్‌ను. ఒకప్పుడు, అని కలుపుకోండి. ఇప్పుడు నాకు చక్రాలు లేవు, ఇంజను లేదు, హారను లేదు. ఇటుకల దిమ్మె మీద ఎక్కించిన వట్టి ఇనుప తొట్టిని. గొప్పవాళ్ల కథల్లో విజయాలుంటాయి. నా కథలో ఉన్నది దుమ్మూ, నీళ్లూ. ఓపికుంటే వినండి, లేకుంటే మీ ఇష్టం.

ఎక్కడో ఒక షెడ్డులో రేకులు గుండ్రంగా వంచి నన్ను అతికారు. నీళ్లు పోసి చూశారు, కారిన చోట మళ్లీ అతికారు, పసుపు రంగు పూశారు, వెనక చిల్లుల గొట్టం బిగించారు. ఆ గొట్టం చూసి ఏ పూలతోటకో పంపుతారనుకున్నాను. గోదావరి ఒడ్డున బొగ్గు ఊరికి తెచ్చి, నేలను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో దింపారు.

బొగ్గు మోసే డంపర్లు తిరిగే బాటల మీద దుమ్ము లేవకుండా నీళ్లు చల్లడం నా పని. నేను మలుపు తిరిగేలోపే వెనక బాట ఎండిపోయేది. ఏళ్ల తరబడి ఆ బాటను తడిపాను గానీ, తడిగా ఉన్న బాటను ఒక్కనాడూ చూడలేదు. కొందరి కొలువు అంతే.

నన్ను నడిపింది ఓదెలు. బడి మానేసి చిన్నప్పుడే క్లీనరుగా బండెక్కినవాడు. స్టీరింగు పట్టడం తప్ప ఆ చేతులకు వేరే విద్య రాదు. కాంట్రాక్టరు కింద పని. ఉంటే ఉంది, ఊడితే అడిగేవాడు లేడు.

గని లోతుకు పోయినకొద్దీ పక్కనున్న బస్తీలో బావులు ఎండిపోయాయి. బోర్లు వేస్తే ఉప్పునీళ్లు పడ్డాయి. నన్ను మాత్రం గోదావరి పైపు దగ్గర నింపేవారు. బాటకు తియ్యటి నీళ్లు, బస్తీకి ఉప్పునీళ్లు. అందుకే అక్కడొక ఆచారం పుట్టింది. డ్యూటీ దిగేటప్పుడు నా అడుగున మిగిలిన నీళ్లు బస్తీవి. ఏ ఆఫీసరూ చెప్పింది కాదు. ఓదెలు కంటే ముందున్న డ్రైవరు మొదలుపెట్టాడు, ఓదెలు నిలబెట్టాడు. అడుగంటే ఎంత? ఓదెలు దయ ఎంతో అంత. ఒక్కోసారి చల్లే గొట్టం ముందే కట్టేసి సగం తొట్టిని అడుగని పిలిచేవాడు.

బిందెల వరుసలో ముందుండేది కనకవ్వ. ఆమె పెనిమిటి ఆ గనిలోనే బొగ్గు తట్ట మోసీ మోసీ, దగ్గీ దగ్గీ పోయాడు. ఓదెలు బండి ఆపగానే ఆమె చాయ గ్లాసు అందించేది.

ఒకరోజు ఆ చాయ దగ్గరే చట్టం మాట విన్నాను.

"ఏందిరా ఓదెలూ, గని బంద్ వెడ్తరట గద?"

"ఢిల్లీల చట్టం జేసిన్రట అవ్వా. బొగ్గు కాలవెట్టి కాలవెట్టి లోకమంత ఉడుకుతున్నదట. ఇగ ఎండతోనే కరెంటు దీస్తరట."

"ఎండకేం తక్వ బిడ్డా మనకు? ఎంతగనం గావాల్నో అంత తీస్కపొమ్మను!"

చట్టం తప్పని నేననను. నా పొగగొట్టం వదిలిన నల్లపొగ ఎంతో నాకు తెలుసు. ఏటేటా నా రేకు ఎంత ఎక్కువ కాలుతున్నదో కూడా నాకే తెలుసు. మంచి చట్టమే. కాకపోతే దానికి మా బస్తీ దారి తెలియదు.

గని మూతపడింది. పర్మినెంటు వాళ్లను వేరే గనులకు పంపారు, కాంట్రాక్టు వాళ్లను ఇళ్లకు పంపారు. గనితో పాటే గోదావరి పైపూ కట్టేశారు. తవ్విపోసిన మట్టిగుట్ట మీద వరసలు వరసలుగా సోలార్ పలకలు నిలబెట్టారు. గని పోయింది గానీ దుమ్ము పోలేదు. వచ్చి పలకల మీద కూర్చుంది. కూర్చుంటే కరెంటు తగ్గుతుందట. వాటిని కడగడానికి కాంట్రాక్టరు మళ్లీ నన్నూ ఓదెలునూ తోలుకొచ్చాడు. మా రాత, ఎక్కడికి పోయినా దుమ్మే.

గుట్ట కింద, బస్తీ మొగదల, నీళ్లు శుద్ధి చేసే మిషను పెట్టారు. దాని నీళ్లు కొబ్బరినీళ్లలా ఉంటాయి. ప్లాంటు ఇంజనీరు నిఖిల్ సారు, మెత్తని మనిషి, మొదటి రోజే ఓదెలుకు చెప్పాడు.

"పలకలకు ఉప్పునీళ్లు తగిలితే తెల్లమచ్చలు పడతాయి. ఈ నీళ్లే వాడాలి. ఒక్క చుక్క కూడా బయటికి పోకూడదు. పోయిందంటే నీ పని పోతుంది, నేనేం చేయలేను."

ఆ సాయంత్రం ఖాళీ తొట్టితో బస్తీ ముందు నుంచి పోయాం. బిందెలు వరుసలో ఉన్నాయి.

"ఏమాయెరా, అడుగు లేదా?" అంది కనకవ్వ.

"లేదవ్వా. ఈ నీళ్లు అద్దాలవి."

ఆమె తిట్టలేదు. ఎప్పటిలాగే చాయ ఇచ్చింది. తిడితే ఓదెలు నిబ్బరంగా ఉండేవాడేమో. ఆ చాయ అతన్ని పాడుచేసింది.

మర్నాటి నుంచి మిషను నీళ్లు నింపుకొని నేరుగా బస్తీకి పట్టించేవాడు. బిందెలు నిండాక మూతపడ్డ గని గుంతలో నిలిచిన నీళ్లు నాలోకి తోడి గుట్టెక్కించేవాడు. చూడటానికి నీలంగా, ముచ్చటగా ఉండేవి. ఒకసారి దోసిట పట్టి నోట్లో వేసుకొని ఉమ్మేశాడు.

"మనుషులకైతే పడయి గని, అద్దాలకు నాలికుంటదా?" అన్నాడు నాతో.

అద్దాలకు నాలుక ఉంది. కొన్నాళ్లకే పలకలన్నీ విభూతి పూసుకున్నట్టు తెల్లబడ్డాయి. కరెంటు పడిపోయింది. నిఖిల్ సారు వెతుక్కుంటూ వచ్చేసరికి నేను బస్తీలో ఉన్నాను, కనకవ్వ బిందె నా కింద ఉంది.

"ఏంటిది ఓదెలూ? పలకలకు ఏ నీళ్లు పోస్తున్నావ్?"

"నీళ్లే సార్. నీళ్లల్ల గుడ కులాలుంటయా?"

"ఉప్పునీళ్లు వాటికి పడవని చెప్పానా లేదా?"

కనకవ్వ బిందె ఎత్తి చంకన పెట్టుకుంది. "అద్దాలకు పడని నీళ్లు మా కడుపులకు పడ్తయా బిడ్డా?"

నిఖిల్ సారు చెమట తుడుచుకున్నాడు. బిందెలన్నీ నిండేదాకా పక్కకు తిరిగి ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు. అతను చేయగలిగిన మంచి అంతే.

పైనుంచి కబురొచ్చింది. నీళ్ల సంగతి అందులో లేదు. రాస్తే బస్తీ సంగతి కూడా రాయాలి కదా. స్వచ్ఛమైన కరెంటు తీసే చోట పాత డీజిలు బండి తిరగడం చట్టానికి విరుద్ధమని, బండినీ డ్రైవరునూ తీసేయాలని ఉంది. తప్పు నీళ్లది, శిక్ష పొగకు. పలకలను పొడిగా తుడిచే బ్రష్షుల యంత్రాలు వచ్చాయి. వాటికి నీళ్లు అక్కరలేదు. నీళ్ల మిషనుకు తాళం పడింది. మా అడుగు నీళ్లకు గతి లేకుండా పోయింది.

కాంట్రాక్టరు నన్ను పాత ఇనుము వాడికి అమ్మాడు. ఇంజను పోయింది, చక్రాలు పోయాయి. తొట్టిని కోయడానికి గ్యాసు మంట వెలిగించేసరికి కనకవ్వ వచ్చి నాకు ఆనుకొని కూర్చుంది.

"జరుగు అవ్వా, మంట తగుల్తది."

"తగలనియ్యి. నా మొగడు పాయె, బావి పాయె, బండి పాయె. తొట్టిగుడ గోస్తవా?"

పాత ఇనుము వాడు కాసేపు చూసి మంట ఆర్పేశాడు. "ఏడ దొరికినవే తల్లీ," అని గొణుక్కుంటూ ఇంజను లారీలో వేసుకుపోయాడు.

ఓదెలే నన్ను ఇటుకల మీద నిలబెట్టాడు. పగిలిందని ప్లాంటువాళ్లు బయట పడేసిన పలకనొకదాన్ని తెచ్చి నా నెత్తిన బిగించాడు. వాగు ఇసుకలో తవ్విన చెలిమెలో చిన్న మోటారు దించాడు. గని ఆగాక మళ్లీ ఊరుతున్న ఆ చెలిమె నీళ్లు తియ్యనివి. ఎండ ఉన్నంతసేపు సన్నటి ధార నాలో పడుతుంది. మబ్బు పడితే ఆగిపోతుంది, ఆడవాళ్లు మబ్బును తిడతారు.

తర్వాత ఓదెలు హైదరాబాదు పోయాడు. అక్కడ అపార్ట్‌మెంట్లకు నీళ్ల ట్యాంకరు తోలుతున్నాడట. కొత్త బండి అడుగు నీళ్లు ఎవరికి పోస్తున్నాడో తెలియదు.

మొన్న నిఖిల్ సారు ఇటు వచ్చాడు. నా నెత్తిన మెరుస్తున్న పగుళ్ల పలకను చూసి ఆగాడు.

"దీన్ని ఏ నీళ్లతో కడుగుతున్నావమ్మా?"

"నీళ్లా? తాగుతందుకే సాలయి. ఇగో, గిట్ల," అని కనకవ్వ ఇటుకల మీదికెక్కి కొంగుతో పలకను తుడిచి చూపించింది. దిగి, నల్లా తిప్పి ఒక చెంబు పట్టి ఇచ్చింది. అతను ఎత్తిపోసుకుని సగం తాగి, మిగిలిన నీళ్లు పారబోయబోయి ఆగాడు. ఇటుకల మీదికెక్కి, నా మూత తీసి మళ్లీ నాలోనే పోశాడు.

నేను నిండి ఎన్నాళ్లయిందో గుర్తులేదు. ఇప్పుడు నాలో ఉన్నవన్నీ అడుగు నీళ్లే.