చంద్రుడి డబ్బా

ఫేబకు అన్నిటికన్నా పెద్ద భయం, మామకు మాత్రలు తారుమారుగా ఇచ్చేస్తానేమోనని. ఏడో తరగతిలో ఆగిన చదువు. మాత్రల అట్టల మీది ఇంగ్లీషు ఆమెకు చీమలబారులా కనిపిస్తుంది. ఈ పొద్దున కూడా మూడుసార్లు చూసుకుని, సూర్యుడి బొమ్మ ఉన్న డబ్బాలోంచి మాత్ర తీసి మామ లాజరు అరచేతిలో పెట్టింది.

ఆ బొమ్మ అతను వేసిందే. సినిమా పోస్టర్ల అక్షరాలను పుల్లతో మట్టిలో దిద్దుకుంటూ, తనకు తానే బోర్డులు రాయడం నేర్చుకున్న మనిషి. మెదక్ బజారులో సగం షట్టర్ల మీద అతని రాతే. నిరుడు పక్షవాతం కుడిచేతిని పట్టేసింది. ఆరు నెలలు కుంచెల వైపు చూడలేదు.

ఒకనాడు ఫేబ రాత్రి మాత్రను పొద్దున ఇచ్చేసింది. మామ మిట్టమధ్యాహ్నం దాకా గురకపెట్టి లేచేసరికి కోడలు ఏడుస్తోంది.

"ఏడువకు బిడ్డా. గింత మంచి నిద్ర నా పెండ్లయినప్పటి సంది పట్టలే" అన్నాడు లాజరు. ఎడమచేత్తో కుంచె పట్టి, పొద్దుటి మాత్రల డబ్బా మీద సూర్యుణ్ణి, రాత్రి మాత్రల డబ్బా మీద చంద్రుణ్ణి వేశాడు.

"తాతా, గిది సూర్యుడా, జామపండా?" అంది మనవరాలు.

"కొరికి చూడు."

ఆ రోజు నుంచి ఇంట్లో బొమ్మ పడని బకెట్ లేదు. అన్నీ వంకర చిలకలే, వంకర చేపలే. చూస్తే నవ్వు ఆగదు.

ఇవాళ జబ్బు తర్వాత మొదటి బోర్డు. రామాయంపేటలో పంక్చర్లు వేసే ఎల్లేష్, ఫ్లెక్సీ వద్దు, పెద్దాయన రాతే కావాలన్నాడు. రాత్రికి అక్కడే ఉండి, రేపు రెండో కోటు వేసి రావాలి.

"నేను గూడ వస్త మామా. నిచ్చెన ఎవలు పట్టుకోవాలె?"

"ఎల్లేష్ పట్టుకుంటడు. నువ్వొస్తే నిచ్చెనకంటె నువ్వే ఎక్కువ ఊగుతవ్" అన్నాడు, చొక్కా గుండీలు ఒంటిచేత్తో పెట్టుకుంటూ.

బస్సు వచ్చేలోపు ఖాళీగా ఉండలేక చంద్రుడి పక్కన ఒక చుక్క వేశాడు. రంగు ఆరాలని డబ్బాను కిటికీలో పెట్టాడు. ఫేబ వెంట వెళ్లి బస్సెక్కించింది. అతను కుంచెల సంచి ఒళ్లో పెట్టుకుని, సీటు వెనక వేలితో అప్పుడే ఏదో అక్షరం దిద్దుతున్నాడు.

ఇంటికొచ్చి చూస్తే, రాత్రికి కావలసిన చంద్రుడి డబ్బా కిటికీలోనే ఉండిపోయింది. చెబుదామంటే, రంగు చేతులతో మామ ఫోను ముట్టడు. ఆమె భర్త డేవిడ్ పని ముగించుకుని సాయంత్రం డబ్బాను బండి మీద తీసుకుపోతానన్నాడు. అంతలోపు మీరెవరైనా అటు పోతుంటే, పంక్చర్ షాపు ముందు ఒక్క నిమిషం ఆగండి. పెద్దాయన నిచ్చెన దిగి అన్నం తిన్నాడో లేదో అడగండి. చుక్క ఆరిందని, చంద్రుడు కిటికీలో వంకరమూతితో నవ్వుతున్నాడని చెప్పండి.