పాత ట్రాక్టరు, వరదయ్య

వరదయ్య ఆయిల్ పుల్లను బయటికి లాగి, పంచె అంచుకు తుడిచి, మళ్లీ ముంచి తీశాడు. ఆయిలు సరిపోయేంత ఉంది. పందొమ్మిదేళ్లుగా తెల్లవారగానే అతను చేసే మొదటి పని ఇదే. ట్రాక్టరు మునిశేఖర్‌ది. నడిపే చేతులు వరదయ్యవి. ఎండకు నల్లబడ్డ మెడ, క్లచ్చు తొక్కీ తొక్కీ కాస్త వంకరపోయిన ఎడమకాలు. సైకిల్ తప్ప అతనికి సొంత బండి లేదు.

మునిశేఖర్ మామిడితోట గుత్తకిచ్చేసి ట్రాక్టరు అమ్మేస్తున్నాడు. "నాగలి ఎత్తే లిఫ్టు సంగతి ఆమెకాడ ఎత్తొద్దు వరదా," అన్నాడు పక్కకొచ్చి. "గురవమ్మ కొనిందంటే నిన్నే డ్రైవరుగా పెట్టుకుంటాది."

మూడెకరాల రైతు గురవమ్మ ఆటో దిగింది. నిన్ననే చిత్తూరు షోరూముకు వెళ్లొచ్చింది.

"నా బతుకులో పెద్ద వస్తువేదీ కొత్తది కొనలేదు వరదన్నా. ఆ షోరూము బండి చక్రాలకి ఇంకా మట్టే అంటలే. నువ్వు సెప్పు. కొత్తదా, ఇదా?"

వరదయ్య బానెట్ మీద చెయ్యి ఆనించాడు. ఈ బండి పోతే, అరవైకి దగ్గరపడ్డ తనకు ఇంకెవరూ స్టీరింగ్ ఇవ్వరు.

"మూడెకరాలకి కొత్తది వద్దుమా. ఏడాదిలో పది నెలలు షెడ్డులోనే ఉంటాది, బ్యాంకు అప్పు కంతులు మాత్రం ఆగవు. దీని ఇంజిన్ గట్టిది." బండి వెనక వైపు చెయ్యి చూపించాడు. "అయితే వేడెక్కితే లిఫ్టు జారతాది. ఎత్తిన నాగలి నిలబడదు. బాగు సేయించకుండా కొనొద్దు."

మునిశేఖర్ మొహం ఎర్రబడింది. "ఇన్నేండ్లు నా కూడు తిని..."

"ఎవురి కాలన్నా దాని కింద పడితే ఆ పాపం మనకేల సామీ?"

గురవమ్మ మునిశేఖర్ వైపు తిరిగింది. "లిఫ్టు సేయించి ఇయ్యప్పా, తీసుకుంటా. వరదన్న నా కాడనే ఉండాల."

మధ్యాహ్నానికి మెకానిక్ వచ్చి లిఫ్టుకు కొత్త ఆయిల్ సీలు వేశాడు. వరదయ్య బండిని ఆమె చేలోకి దించి నాలుగు చాళ్లు దున్నాడు. గట్టు దగ్గర నాగలి ఎత్తి వెనక్కి తిరిగి చూశాడు. జారలేదు. అతను నవ్వడం గురవమ్మ మొదటిసారి చూసింది. మజ్జిగ తేవడానికి ఇంటివైపు నడిచింది.

తిరిగొచ్చేసరికి ఇంజిన్ ఆగి ఉంది. నాగలి నేలకు దించి, బ్రేకు వేసి ఉంది. వరదయ్య స్టీరింగ్ మీద తల ఆన్చి ఉన్నాడు. రెండుసార్లు పిలిచి, భుజం మీద చెయ్యి వేసింది. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. ఊపిరి లేదు.

అతన్ని ఇంటికి తీసుకుపోయాక, పొద్దు వాలుతుండగా ఆమె తాళంచెవి కోసం చేనికి వచ్చింది. సీటు మీద వరదయ్య నాలుగు మడతలేసి పరుచుకున్న గోనెపట్ట, మధ్యలో గుంటపడి, అలాగే ఉంది.