ఆకుపచ్చ చుక్క

"ఏమే, ముగ్గు ఇట్లా వంకర పోయుండాది? చెయ్యి వణకతా ఉందా?" అన్నారు మా ఆయన రాజగోపాల్, గుమ్మం దగ్గర పాల ప్యాకెట్లు తీసుకుంటూ.

నాకు గీతలు తిన్నగానే కనిపిస్తున్నాయి. వంకరగా కనిపించిన ప్రతి గీతనూ చెరిపి, తిన్నగా కనిపించేదాకా దిద్దాను మరి. కుడి కన్ను మూసి, శుక్లంతో మసకబారిన ఎడమ కంటితో చూస్తే ఆయన మాటే నిజమైంది. భయపడి కొన్నాళ్ళు ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆసుపత్రి, ఆసుపత్రి అంటే ఆయన భోజనం వేళ తప్పడం. పుస్తకంలో అక్షరాలు కూడా మధ్యలో మాయమవడం మొదలయ్యాకే నోరు విప్పాను. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని నేర్చుకున్న చదువు నాది. నాకు వేరే ఆస్తి లేదు.

మేముండే కాడుగోడిలో మెట్రో ఎక్కి కంటి ఆసుపత్రికి వెళ్ళాం. కంటి లోపలి ఫోటోలు తీసే అమ్మాయి పేరు బ్లెస్సీ, గుంటూరు వైపు పిల్ల.

"అమ్మమ్మగారూ, గడ్డం ఇక్కడ ఆనించి, లోపల ఆకుపచ్చ చుక్కనే చూడండి."

సూటిగా చూస్తే చుక్క లేదు. పక్కకు చూస్తే ఉంది.

"కన్ను తిప్పేస్తున్నారండీ."

"నేను తిప్పడం లేదమ్మా, అదే పోతా ఉండాది."

బ్లెస్సీ విసుక్కోలేదు. "పోనీలెండి. మీకు ఎటు చూస్తే కనిపిస్తే అటే చూడండి, నేను పట్టుకుంటాను" అని నా తల వెనక మెత్తగా చెయ్యి ఆనించింది. ఆ చెయ్యి తగలగానే నాకు ఏడుపొచ్చింది. సూటిగా చూడాల్సిన వాళ్ళను నేనెప్పుడు చూశాను గనక? నాన్న ఆఖరిసారి నా పేరు పిలిచినప్పుడు వచ్చినవాళ్ళకు కాఫీ కలుపుతున్నాను. మా అమ్మాయి గీతాంజలి అప్పగింతలప్పుడు సారె లడ్డూలు సర్దుతున్నాను. చెల్లెలు అలివేలు పోయే ముందు ఆఖరిసారి మమ్మల్ని చూసి వెళ్ళిన రోజున దారికని పులిహోర కలుపుతుంటే, "అక్కా, పోయొస్తా" అన్న గొంతు ఒక్కటే వంటింట్లోకి వచ్చింది.

డాక్టరు కరుణ ఫోటో చూపించింది. పొరలు పొరలుగా ఉన్న కంటి లోపల మధ్యలో నీరు చేరి చిన్న గుట్టలా ఉబ్బింది.

"కంట్లో ఇంజెక్షన్లు మొదలుపెట్టాలమ్మా. ఎక్కువ కాలం పనిచేసే కొత్త మందు మీద ఇక్కడ రీసెర్చ్ కూడా జరుగుతోంది. అందులో చేరితే నెలనెలా రావాలి, ఫోటోలు తీయించుకోవాలి. మీ వంతుకు పాత మందు వస్తుందో కొత్తది వస్తుందో ముందే చెప్పలేం. పోయిన చూపు వస్తుందనీ చెప్పలేను, ఉన్నది కాపాడటానికే. చేరకపోయినా మామూలు వైద్యం చేస్తాం."

ఆమె అడిగింది నన్ను. జవాబు ఆయనదైంది.

"రీసెర్చ్ అంతా ఎందుకు డాక్టరమ్మా, ఈ వయసులో. నెలనెలా అంటే ఇంట్లో వంట ఎవురు చేస్తారు?"

"ఆయనెట్లంటే అట్లే" అనబోయాను. నాలుక మీదికి వచ్చేసింది. ఆయన వైపు తిరిగాను. చొక్కా కాలరు కనిపించింది, తెల్ల జుట్టు కనిపించింది, మధ్యలో ముఖం లేదు. కాస్త చెవి వైపు చూస్తే ముఖం వచ్చింది. ఎప్పుడు ఇంత ముసలాయన అయిపోయారో.

"నేను చేరతాను డాక్టరమ్మా" అన్నాను.

"ఏమే, సూదికి భయపడేదానివి" అన్నారాయన మెల్లగా. "ఎందుకే ఇదంతా?"

"భయమే. చెయ్యి పట్టుకోండి" అన్నాను. "మనిద్దరిలో ముందు పోయేది ఎవరైనా, ఈసారి నేను వంటింట్లో ఉండను."