రెండు బొమ్మలు, ఇరవై ఏళ్ళు

పెళ్ళై నలభై రోజులైంది. మా ఆయన తడి తువ్వాలు ఏ తలుపు మీద వేస్తారో, ఏ మాటకి ఎడమ కనుబొమ్మ ఎత్తుతారో నాకు కంఠతా వచ్చేసింది. అలాంటిది ఆ శనివారం మధ్యాహ్నం, టీలో చక్కెర వేశానో లేదో కూడా తెలియలేదు.

ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో సైన్స్ చరిత్ర వ్యాసాలు రాసి, దిద్దే ఔత్సాహికులం మేం పదకొండు మందిమి. జీతం లేదు, తగువులకు లోటు లేదు. మా పెద్దదిక్కు రిటైరైన ఫిజిక్స్ మాస్టారు. మర్నాడు విజ్ఞాన సర్వస్వం మొదటి పేజీలో నా వ్యాసం రావాలి. నూరేళ్ళ కిందట ఒక వేధశాలలో సూర్యుడి మీది మచ్చల్ని చూసి కాగితం మీద గీసిన ఒకావిడ గురించి. అక్కడి గుమస్తాగారి భార్య. 'ఇరవై ఏళ్ళు ఒక్కరోజూ మానకుండా గీసింది' అన్న వాక్యం వల్లే అది ఎంపికైంది. అత్తయ్య అప్పటికే చుట్టాలందరికీ ఫోన్లు చేసేశారు.

సాయంత్రం ఆరు దాటితే ఇక మార్చడానికి లేదు. చివరిసారి ఆధారాలు చూద్దామని కూర్చున్నాను. ఆ వాక్యానికి ఆధారం మూడేళ్ళ కిందటి ఒక పత్రికా వ్యాసం. ఆ పత్రికకి ఎలా తెలిసింది? అడుగున చిన్న అక్షరాల్లో మా విజ్ఞాన సర్వస్వం పేరే ఉంది! మా పేజీలో పాత మార్పులు తిరగేశాను. ఆరేళ్ళ కిందట ఆ వాక్యం చేర్చింది నేనే, కాలేజీలో చదివేటప్పుడు.

గుర్తొచ్చింది. ఆవిడ సంతకంతో రెండు బొమ్మలు చూశాను. తేదీల మధ్య ఇరవై ఏళ్ళు. మధ్యలో ఏడువేల రోజులూ నా ఉత్సాహమే గీసేసింది.

లేచి కిటికీ తెరిచాను, మూశాను. మడతపెట్టిన బట్టలే మళ్ళీ మడతపెట్టాను.

"కాలుకాలిన పిల్లిలా ఏంటే ఆ తిరుగుడు?" అన్నారు మా ఆయన.

చెప్పాను. పగలబడి నవ్వారు. "అంటే నిన్ను చూసి వాళ్ళు రాశారు, వాళ్ళను చూపించి నువ్వు రాశావు. భలే కాపురం!"

"నవ్వకండి, ఏడుపొస్తోంది."

"ఆరేళ్ళుగా ఎవరూ పట్టుకోలేదుగా. ఎల్లుండి మెల్లగా దిద్దుకో. అమ్మ అందరికీ చెప్పేసింది."

"రేపు ఎంతమంది చదువుతారో తెలుసా? ఎల్లుండికి ఇంకో పది పత్రికలు ఎత్తిరాస్తాయి."

ఆయన నవ్వు ఆగింది. ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టారు. అంత కంగారులోనూ ఆ చెయ్యి ఎంత వెచ్చగా ఉందో అనిపించింది. సిగ్గులేని మనసు!

మాస్టారు అంతా విన్నారు. "ఆ వాక్యం తీస్తే మొదటి పేజీ పోతుందమ్మాయ్."

"తెలుసండీ."

"మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేను."

"తెలుసండీ."

"అన్నీ తెలిసి నాకెందుకు చేశావు?"

"ధైర్యం కోసమండీ."

"సరే, ఇచ్చాను. పెట్టేయ్."

ఆరింటికి పది నిమిషాలుండగా వాక్యం తీసేశాను. చర్చల పేజీలో, 'ఇది నేను ఊహించి రాసింది. పత్రిక దీన్ని చూసే రాసింది. నేను చూసినవి రెండు బొమ్మలే' అని పెట్టాను. నా చోటు ఉష్ణమాపకాలు తయారుచేసిన ఒకాయన వ్యాసానికి వెళ్ళింది.

"అయితే ఆవిడ రోజూ గీయలేదా?" అన్నారు అత్తయ్య.

"గీసిందో లేదో తెలియదు అత్తయ్యా."

"తెలియంది ఎందుకు రాశావమ్మా?"

అత్తయ్య ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్ళారు. "ఆ, వదినా! రేపు చూడక్కర్లేదు. మా కోడలు తప్పు రాసిందట. ఎవరో పట్టుకోవడమేంటి, తనే పట్టుకుంది!"

ఆ గొంతులో ఉన్నది కోపమో, గొప్పో తేల్చుకోలేకపోయాను. కాలు నిలవక గదిలోకొచ్చి ఆ పత్రిక సంపాదకుడికి ఉత్తరం మొదలుపెట్టాను. ఇంకెక్కడెక్కడ పాకిందోనని వెతికితే, అదే వాక్యం మరో పద్నాలుగు చోట్ల కనిపించింది.

మా ఆయన స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నారు. "చెరి సగం రాద్దాం."

"కుదరదు. తప్పు నాది. నాకు పది, మీకు నాలుగు."

"ఆరు ఇవ్వు," అని బేరం పెట్టారు.