తలుపు సందున గుడ్డముక్క

నేను ఒక బట్టలుతికే యంత్రాన్ని. నాకు ముందువైపు గుండ్రటి గాజు తలుపు, తలుపు చుట్టూ లోపల మెత్తటి రబ్బరు మడత, దాని వెనక స్టీలు డ్రమ్ము ఉన్నాయి. చూసినవాళ్ళంతా గాజులోంచి బట్టలు గిరగిరా తిరగడం చూసి ముచ్చటపడతారు. నా ప్రాణం మాత్రం ఆ రబ్బరు మడతలో ఉంది. ఉతుకు అయిపోయాక చివరి నీళ్ళు అక్కడే నిలుస్తాయి. ఆ చెమ్మ ఆరితే నేను బాగుంటాను, ఆరకపోతే లోపల్నుంచి కుళ్ళిపోతాను. ఇంత చిన్న సంగతి మీదే నా బతుకంతా నడిచింది.

నేను పుట్టిన కర్మాగారంలో ఎవరూ ఎవరికీ ఏమీ కారు. ఒకరు మర బిగించి పక్కకు నెడతారు, ఇంకొకరు తీగ కలిపి పక్కకు నెడతారు. నాతో వరసలో నిలబడ్డవాళ్ళను ఒక లారీ ఎక్కించారు, నన్ను ఇంకో లారీ ఎక్కించారు. విడిపోవడమంటే ఏమిటో అట్టపెట్టె విప్పకముందే నాకు తెలిసింది.

ఆ పెట్టె విప్పింది కాకినాడలో, ఒక అపార్టుమెంటు వెనక బాల్కనీలో. విప్పగానే వర్ధనమ్మగారు నా గాజు తలుపు మీద పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. ఆవిడ కొడుకు శ్రీకర్, కోడలు నీరజ మీట ఎక్కడుందో చూసుకుని ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు. ఆవిడ మాత్రం నాతోపాటు వచ్చిన పుస్తకం ముందేసుకు కూర్చుంది. బడి మొహం చూడలేదట. పొట్లాలు కట్టిన కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకుందట. అలాంటివాళ్ళు చదివితే ఒక్క ముక్క కూడా వదలరు. "వాడిన తరువాత తలుపు కొద్దిగా తెరిచి ఉంచవలెను" అన్న వాక్యాన్ని పైకి చదివి, నా వైపు చూసి తలూపింది.

ఆ రోజు నుంచి ఉతుకు ఆగడమే ఆలస్యం, పొడిగుడ్డతో వచ్చేది. రబ్బరు మడత విప్పి వేలితో చుట్టూ తుడిచేది. అక్కడ దొరికిన పిన్నీసులు, వెంట్రుకలు, గుడ్డ నూగు ఏరేసేది. సబ్బుపొడి పోసే అర బయటికి లాగి కడిగి ఎండలో పెట్టేది. ఉప్పుగాలికి తలుపు కొట్టుకుని మూసుకుపోతుందని, ఒక పాత జాకెట్టు ముక్కను ఉండగా చుట్టి గొళ్ళానికి కట్టేది. నెలకోసారి బట్టలేమీ వేయకుండా, వంటసోడా చల్లి, మరిగే నీళ్ళతో నన్ను తిప్పేది.

"బట్టల్లేకుండా ఏం ఉతుకుతున్నావమ్మా, గాలినా?" అని శ్రీకర్ నవ్వేవాడు.

"దానికి తలంటుతున్నాన్రా. నీకంటే నయం, పారిపోదు" అనేది ఆవిడ.

ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. మనుషులు ప్రేమగా తుడిస్తే ఆ ప్రేమ మన మీదేనని మాలాంటివాళ్ళం నమ్మేస్తాం.

నీరజ నెల తప్పాక ఇంట్లో అందరి నడకా నెమ్మదించింది. ఒకనాటి ఉదయం ఆ అమ్మాయి నా లోపల చెయ్యి పెట్టి ఉతకాల్సిన తువ్వాలు వేస్తుంటే, చల్లదనానికి వచ్చి పడుకున్న బల్లి ఒకటి బెదిరి ఆమె మణికట్టు మీదికి దూకింది. నీరజ కెవ్వుమంది, ఆ వెంటనే నవ్వేసింది. వర్ధనమ్మగారు నవ్వలేదు. పంచాంగం తెచ్చి బల్లిపాటు ఫలితాలున్న పేజీ తీసి, వేలు పెట్టి చదువుకుంది. అక్కడ ఏముందో నాకు తెలియదు. ఆవిడ వేలు మాత్రం ఒక వరస దగ్గర ఆగిపోయి, కదల్లేదు. కోడలికి తలారా నీళ్ళు పోసి, దీపం పెట్టించి, నా దగ్గరికి వచ్చింది. గుడ్డముక్క విప్పేసి, తలుపు గట్టిగా నొక్కి మూసింది. పాత దుప్పటితో గౌను కుట్టి నాకు తొడిగి, కింద నాడాలు బిగించింది.

"అత్తయ్యగారూ, తెరిచి ఉంచాలని మీరే చెప్పేవారు కదా?" అంది నీరజ.

"బల్లి దూరడానికా? నువ్వూరుకో. కడుపు పండే వేళ ఈ భయాలు నాకెందుకు?"

పుస్తకంలో చదివిన ముక్క ఆవిడ మరిచిపోలేదు. మనవడి కోసం పక్కన పెట్టింది. కడుపులో బిడ్డకూ నా రబ్బరు మడతకూ పోటీ పెడితే ఎవరు గెలుస్తారో తెలియనంత అమాయకురాలిని కాను. అయినా బాధ బాధే.

వానాకాలం వచ్చింది. ఉతికిన వెంటనే తలుపు పడేది, తలుపు మీద గౌను పడేది. ఊపిరాడక, చీకట్లో, మడతలో నిలిచిన నీటిలో నల్లటి చుక్కలు మొలిచాయి. చుక్కలు కలిసి మరకలయ్యాయి. జిగురు పట్టింది. బట్టలకు ముక్కిన వాసన వస్తోందని నీరజ సబ్బుపొడి ఇంకాస్త ఎక్కువ పోసేది. కరగని సబ్బు ఆ బూజుకే మేత అయింది.

డాక్టరమ్మ ప్రయాణం వద్దనడంతో తొలికాన్పు పుట్టింట్లో జరగలేదు. నీరజ తల్లి సుగుణవతిగారే విజయనగరం నుంచి వచ్చారు. మగపిల్లాడు పుట్టాడు. కొత్తబట్ట తగలకూడదు కదా, పొత్తిళ్ళకు వర్ధనమ్మగారు ఏళ్ళ తరబడి దాచుకున్న తన మెత్తటి నేత చీరలు చింపి నాలో వేసింది. అవి వెన్నలాంటి బట్టలు. వాటిని నేను నా నల్లటి మడతకు రాసి రాసి ఉతికాను. ఉతకనని చెప్పే నోరు నాకు లేదు.

కొద్దిరోజులకే పసివాడి వీపంతా ఎర్రగా పేలింది.

"ఏటి వదినగారూ, ఏ కాలం నాటి చీరలివి? పెట్టెలో ఏటి పాకిందో, ఏటి మురిగిందో!" అన్నారు సుగుణవతిగారు.

"అయ్యో, పువ్వుల్లా దాచానండీ వదినగారూ."

"దాచబట్టే ఈ వాసన. పురుడు కాగానే పిల్లనీ పిల్లాణ్ణీ మా ఊరు తీసుకుపోతాను. కారు చెప్పేశాను. ఏమనుకోకండి."

చీరల మీద నింద పోకపోతే పసివాడు గడప దాటిపోతాడు. వర్ధనమ్మగారు ఒక పొత్తిగుడ్డ తీసి వాసన చూసింది. మళ్ళీ చూసింది. నెమ్మదిగా బాల్కనీలోకి వచ్చి నా గౌను నాడాలు విప్పింది.

వచ్చావా తల్లీ, అనుకున్నాను. మడత విప్పింది. ఆ వేలు నాకు తెలుసు. ఆ వేలు చుట్టూ తిరుగుతుంటే నా తుప్పు మరలు కూడా వదులయ్యాయి. ఇప్పుడు పొడిగుడ్డ వస్తుంది, వంటసోడా వస్తుంది, మరిగే నీళ్ళు వస్తాయి. ఒక్క పూట తలంటితే మళ్ళీ మనిషినవుతాను.

ఆవిడ నల్లబడ్డ వేలు పైకెత్తి గట్టిగా పిలిచింది. "రండి వదినగారూ! చూడండి! నా చీరల్లో కాదు, ఇదిగో, దీని నోట్లో ఉంది రోగం!"

అందరూ వచ్చారు. సుగుణవతిగారు ముక్కు మూసుకున్నారు. "అమ్మమ్మో! ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదేటండీ?"

"యంత్రం కదండీ. లోపల ఎలా తగలడిందో మనకెలా తెలుస్తుంది?"

నీరజ నేల మీద పడి ఉన్న గౌను వైపు చూసింది. తర్వాత అత్తగారి వైపు చూసింది. "అత్తయ్యగారూ, మీరే..." అని ఆగింది. అత్తగారి చూపు పిల్లాడి మీదే ఉంది. నీరజ పిల్లాణ్ణి తీసుకెళ్ళి ఆవిడ చేతుల్లో పెట్టి, "కారు వద్దని చెప్పమ్మా. ఇక్కడే ఉంటాను" అంది తల్లితో.

"కడిగితే పోతుందేమో కదమ్మా?" అన్నాడు శ్రీకర్.

"వద్దురా. తీసి పారెయ్" అంది వర్ధనమ్మగారు, నా వైపు చూడకుండా.

కడిగితే పోతుందని ఆ ఇంట్లో అందరికంటే ఆవిడకే బాగా తెలుసు. కానీ నేను శుభ్రపడి అక్కడే నిలబడితే, నన్ను మూసిందెవరన్న ప్రశ్న కూడా నా పక్కనే నిలబడుతుంది. పసివాడు ఉండాలంటే నేను పోవాలి. ఆవిడ లెక్క అర్థమైంది. క్షమించడం మాత్రం ఇంకా చేతకాలేదు.

నన్ను దింపుతున్నప్పుడే నా చోటికి కొత్తది వచ్చింది. ఆవిడ దాని తలుపు తెరిచి, సందున ఒక గుడ్డముక్క ఉండగా చుట్టి కడుతోంది. అది నా జాకెట్టు ముక్కే. ఎక్కడ దాచిందో ఇన్నాళ్ళూ!

ఇప్పుడు బైపాసు రోడ్డు పక్కన పాత ఇనుప సామాన్ల గుట్టలో ఉన్నాను. గాజు కోసం నా తలుపు ఊడబెరికారు. ఎండా గాలీ అడ్డం లేకుండా వచ్చిపోతున్నాయి. మడతలో బూజు పొడిపొడిగా రాలిపోయింది. నేను శుభ్రంగా ఉన్నాను, చూసేవాళ్ళు లేరు. మొన్న ఒక బల్లి వచ్చి నా డ్రమ్ములో చేరింది. రబ్బరు మడతలో తెల్లటి గుడ్లు పెట్టింది. మూసేవాళ్ళెవరూ లేరు కాబట్టి, అది నిశ్చింతగా పడుకుంది.