తలుపు తీసేదాకే

ఆ దీవికి ఆవిడ రావడం ఇది పద్దెనిమిదోసారి. మూడు గంటల పడవ, మూడో అంతస్తులో మూల గది, కిటికీలో అదే సముద్రం, దాని మీద అదే ఎండ. గదిలో అద్దానికి కింది మూల పగులుంది. మంచం ఎడమవైపు పడుకుంటే కిర్రుమంటుంది, ఆ ఎడమవైపు ఎప్పుడూ ఆవిడదే. కొత్తగా వచ్చినవాళ్ళు ఎండ చూసి ఆహా అంటారు. పాడిందే పాడరా పాచిపళ్ళ దాసరీ అన్నట్టు పద్దెనిమిదేళ్ళు అదే ఎండ కాస్తే ఎవరికైనా నీడ మీద ప్రేమ పుడుతుంది.

ఆవిడ మగడు లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో కంపెనీలో నలభై మందిలో ఒకడు. "ఏయ్, నాలుగో బ్లాకుకి నువ్వెళ్ళు" అనేవాళ్ళే తప్ప పేరు పెట్టి పిలిచే నాథుడు లేడు. దీవిలో కథ వేరు. మొదటిసారి వచ్చినప్పుడు హోటల్ లిఫ్టు ఆగిపోతే, భుజాన తువ్వాలు భుజాన ఉండగానే బాగుచేసి పెట్టాడు. ఆనాటి నుంచి మేనేజరుకి ఆయన "ఇంజనీరుగారు". రేవులో దిగగానే సంచులు అందుకుంటారు, కొత్తల్లుడి మర్యాద చేస్తారు. ఆ ముసలి లిఫ్టుకీ మర్యాద తెలుసు, ఏటా ఆయన వచ్చాకే మొరాయిస్తుంది.

ఇదంతా తెలుసు కాబట్టే ఆవిడ ఇన్నేళ్ళూ నోరు మెదపలేదు. ఆ పది రోజులూ ఛాతీ విరుచుకుని నడిచే మగణ్ణి చూస్తే ఆవిడకి జాలేసేది. కానీ జాలిపడ్డ పాపానికి ఎన్నాళ్ళీ ఖైదు?

ఈ ఏడు మోకాళ్ళు తొందరపెట్టాయి. యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో ముప్పై ఏళ్ళు మిషను తొక్కిన కాళ్ళు అవి. "కొండలెక్కాలని ఉంటే వచ్చే ఏడాదే ఎక్కెయ్యండమ్మా. ఆ తర్వాత నేను మాటివ్వలేను" అన్నాడు డాక్టరు. ఆయన మాటవరసకి కొండ అన్నాడు గానీ, ఆవిడకి పదేళ్ళ వయసు నుంచీ ఉన్న కోరిక అదొక్కటే. మబ్బులు కాళ్ళ కింద కనబడేంత ఎత్తుకి తన కాళ్ళతో ఎక్కాలి.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున, వచ్చే ఏటికి గది ఖాయం చేసే కాగితం మీద ఆయన సంతకం పెట్టడం ఆనవాయితీ. అదే గది, అవే పది రోజులు. ఆయన ముందుగా కౌంటరు దగ్గరికి దిగిపోయాడు. సంతకం పడేలోగా చెప్పెయ్యాలని ఆవిడ సంచీ పట్టుకుని లిఫ్టెక్కింది. రెండో అంతస్తు దాటాక అది ఒక్క కుదుపు కుదిపి ఆగింది. లైటు ఆరింది. చీకట్లో ఆవిడకి భయం కన్నా ముందు ఏడుపొచ్చింది. కింద సంతకం అయిపోతోందే అని.

కాసేపటికి పైన మోటారు గదిలోంచి ఆయన గొంతు దిగింది.

"ఎంతమంది ఉన్నారు?"

"నేనేనండీ."

"నువ్వా? కంగారుపడకు. కింద కూచో. చక్రం చేత్తో తిప్పి దింపుతా. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు."

ఇరుక్కున్నవాళ్ళని మాట్లాడించడం వాళ్ళ వృత్తిలో మొదటి నియమం. రెండోది ఆయన పెళ్ళైన కొత్తల్లోనే చెప్పాడు: లోపలివాళ్ళ మాట తలుపు తీసేదాకే. ఉక్కిరిబిక్కిరిలో మనుషులు కడుపులో ఉన్నదంతా కక్కేస్తారు. బయటికొచ్చాక దాని ఊసెత్తకూడదు, విననట్టే ఉండాలి. ఆయన ఆ నియమం ఏనాడూ తప్పలేదు.

"సంతకం పెట్టారా?"

"పెట్టబోతుంటే పిలిచారు. కాగితం జేబులోనే ఉంది."

పైన చక్రం తిరిగింది, లిఫ్టు మెల్లగా దిగసాగింది. ఆవిడ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. మొహం కనబడకపోతే మాట ఎంత తేలికో అప్పుడే తెలిసింది.

"నాకీ దీవి అంటే విసుగండీ. పదేళ్ళ నుంచీ విసుగే. వచ్చే ఏడు కొండకి తీసుకెళ్ళండి. మోకాళ్ళకి అదే ఆఖరి గడువట."

చక్రం ఆగింది. దాంతో లిఫ్టూ ఆగింది. మళ్ళీ చక్రం కదిలింది.

"గాలాడక అలా అనిపిస్తుందిలే. బయటికొస్తే సర్దుకుంటుంది" అన్నాడాయన. అందరికీ ఆ మాటే చెబుతాడు.

లిఫ్టు మొదటి అంతస్తుకి చేరింది. ఆయన మెట్లు దిగి వచ్చి తాళంచెవితో తలుపు తీశాడు. ఎండ భళ్ళున లోపలికి పడింది. వెనక మేనేజరు, సంచులతో నలుగురైదుగురు.

"ఇంజనీరుగారుండబట్టి సరిపోయింది" అన్నాడు మేనేజరు.

"రావోయ్, టిఫిన్ చల్లారిపోతుంది" అన్నాడాయన. మొహంలో ఏ మార్పూ లేదు. నియమం పాటించేశాడు.

ఆవిడ లేవలేదు.

"రాను. నేను బయట కాలు పెడితే మీరు విననట్టే లెక్క. విన్నానని చెప్పండి, అప్పుడు వస్తాను."

"అందరూ చూస్తున్నారే."

"చూడనివ్వండి."

వదిలేస్తే మూసుకుపోయే తలుపది. ఆయన చేత్తో ఆపి పట్టుకుని నిలబడ్డాడు. వెనకవాళ్ళు ఒక్కొక్కరే మెట్ల వైపు సర్దుకున్నారు. మేనేజరు కూడా, ఏదో పనున్నట్టు, కిందికి దిగిపోయాడు. ఆయన చూపు మేనేజరు వెనకే మెట్లు దిగడం ఆవిడకి కనిపించింది. అయినా ఈసారి జాలిని దగ్గరికి రానివ్వలేదు.

"అక్కడ నన్నెవరు గుర్తుపడతారు?" అన్నాడాయన గొంతు తగ్గించి.

"నేనుంటాను కదండీ."

ఆయన జేబులోని కాగితాన్ని పైనుంచే తడుముకున్నాడు.

"ఎన్ని మెట్లు?"

"పన్నెండొందలు" అంది ఆవిడ, సంచీ పట్టుకుని లేస్తూ. "లిఫ్టు లేదు. కనుక్కున్నాను."